తొంభై పాయింట్ల ఆరోగ్యం

దిగుమిట్ట పట్టణం పేరులో మిట్ట ఉంది గాని ఊళ్ళో ఎక్కడా లేదు. ఊరంతా పళ్ళెంలా ఉంటుంది. చుట్టూ కాలవ గట్లు, మధ్యలో జనం. గట్టిగా వాన పడితే ఆ నీళ్ళు తమంతట తాము పోయే దారి లేదు, ఎవరో ఒకరు ఎత్తిపోయాలి. అందుకే పురపాలక సంఘం వారు వెనకెప్పుడో పన్నెండు పెట్రోలు పంపులు కొన్నారు. తాడు లాగితే స్టార్టయ్యే చిన్న ఇంజన్లు. వాన రాగానే వాటిని పల్లపు వీధుల్లోకి మోసుకెళ్ళడం, తాడు లాగడం, నీళ్ళు కాలవలోకి తోడెయ్యడం, ఇదంతా ఏ పరిపాలనా సంస్కరణా లేకుండా ఏళ్ళ తరబడి జరిగిపోతూ వచ్చింది.

ఆ పంపుల బాధ్యత అసిస్టెంటు ఇంజనీరు శోభనాచలానిది. యాభై దాటిన మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తనకి తెలిసింది నోరు తెరిచి చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా బదిలీ అయ్యేవాడు. భార్య సామాన్లు సర్దలేక విసిగిపోయాక చెప్పడం మానేశాడు. అప్పట్నుంచీ దిగుమిట్టలోనే స్థిరపడ్డాడు. ఇప్పుడు డిప్యూటీ ఇంజనీరుగా ప్రమోషను ఫైలు రాజధానిలో కదులుతోందని కబురు వచ్చింది. ఫైలు కదులుతున్న రోజుల్లో తుమ్మడం కూడా మంచిది కాదన్నట్టు మెలుగుతున్నాడు.

పంపుల తాళ్ళు లాగేది ఇస్సాకు. శోభనాచలం కంటే పెద్దవాడు, కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. ఆ పంపుల్లో ఏది ఎంత మొండిదో, దేనికి ఎంత చోకు కావాలో వాళ్ళిద్దరికీ తెలుసు. ఇక మూడో మనిషికి తెలియాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు.

ఆ ఎండాకాలం కమిషనరు ప్రద్యుమ్న గారు ఒక పెద్ద హోటల్లో జరిగిన శిక్షణకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పటికి ఆయన కంటికి ఊళ్ళో ప్రతిదీ కొలిచి ర్యాంకు వెయ్యాల్సిన సూచీలాగే కనిపించసాగింది. ఆయన వెనకాలే డైరెక్టరేటు నుంచి సర్క్యులర్ దిగింది. పురపాలక సంఘముల యాజమాన్యమందలి సమస్త చిన్న ఇంజనుల కంప్రెషన్‌ను కొలవవలెననీ, తొంభై పాయింట్లకు తక్కువ వచ్చినవానిని అనారోగ్య ఇంజనులుగా పరిగణించవలెననీ, సగటు ఆరోగ్యమును బట్టి పట్టణములకు ర్యాంకులు ఇవ్వబడుననీ అందులో ఉంది.

కంప్రెషన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజను లోపల పిస్టను పైకి వచ్చినప్పుడు గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందన్నదే. స్పార్క్ ప్లగ్గు ఊడదీసి, ఆ కన్నంలో టెస్టరు గొట్టం బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి తాడు నాలుగైదు సార్లు లాగితే, గొట్టం చివరి డయలు మీద ముల్లు ఎక్కడో ఓ చోట ఆగుతుంది. సైకిలు షాపులో టైరు గాలి చూసినట్టే. తొంభై అనే అంకె ఎక్కడ పుట్టిందో మాత్రం ఎవరికీ తెలియదు. కుర్చీకి నాలుగు కాళ్ళున్నట్టు సర్క్యులర్‌కి ఒక అంకె ఉంటుంది.

టెస్టరు కొనడానికి ఎంపిక సంఘం వేశారు. ఆరోగ్యం అన్న మాట ఉంది కాబట్టి హెల్త్ ఆఫీసరుని, పరికరం ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి టౌన్ ప్లానింగ్ ఆఫీసరుని, ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పాలి కాబట్టి అకౌంట్స్ ఆఫీసరుని అందులో వేశారు. శోభనాచలాన్ని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచారు. అంటే టీ ఇస్తారు, ఓటు ఉండదు.

మూడు రకాల టెస్టర్లు బల్ల మీద పెట్టారు. శోభనాచలం చాలా ఏళ్ళ తర్వాత తెలిసిన విషయం చెప్పబోయి సగంలో తమాయించుకున్నాడు, కానీ అప్పటికే సగం బయటికి వచ్చేసింది కాబట్టి మిగతాదీ చెప్పాడు. చిన్న ఇంజన్లో ఉండేదే గుక్కెడు గాలి, కాబట్టి గొట్టం పొట్టిగా ఉండాలన్నాడు. వచ్చిన గాలిని వెనక్కి పోనివ్వకుండా పట్టి ఉంచే వాల్వు ప్లగ్గు కన్నం దగ్గరే ఉండాలన్నాడు. వాల్వు డయలు దగ్గరుంటే గాలి గొట్టం నింపడానికే సరిపోతుంది, ముల్లు పైకి లేవదన్నాడు. ఇవన్నీ ఉన్నది బల్ల మీది మూడోది, చిన్న డయలుది.

సంఘం శ్రద్ధగా విని, రెండోది ఎంపిక చేసింది. దాని డయలు అన్నం పళ్ళెమంత ఉంది. ఫోటోలో అంకె స్పష్టంగా పడుతుంది. పైగా దాని గొట్టం పొడుగు. అధికారులు మసి, పెట్రోలు వాసన జోలికి పోకుండా కుర్చీలోనే కూర్చుని ఇంజను ఆరోగ్యం పర్యవేక్షించవచ్చు. వాల్వు ఎక్కడుందన్న ప్రశ్నకి, అది సరఫరాదారుని విచక్షణకు సంబంధించిన అంశమని మినిట్సులో రాశారు.

ఆఫీసు ఆవరణలో షామియానా వేసి మొదటి పరీక్ష పెట్టారు. ఇటు కొసన ఇస్సాకు పంపు దగ్గర నిలబడ్డాడు. అటు కొసన కుర్చీలో కమిషనరు, ఒళ్ళో డయలు. మధ్యలో తోటకి నీళ్ళు పెట్టే పైపులా గొట్టం. ఇస్సాకు తాడు లాగాడు. ముల్లు బద్ధకంగా లేచి ముప్పై ఎనిమిది దగ్గర కూలబడింది. పన్నెండు పంపులకీ అటూ ఇటూగా అదే వచ్చింది. అదే ఇంజన్ని ప్లగ్గు బిగించి ఒక్క లాగు లాగితే గుర్రంలా పరిగెత్తేది. కానీ పరిగెత్తడం పరీక్షలో భాగం కాదు.

శోభనాచలం కమిషనరు కుర్చీ దగ్గరికి వెళ్ళి మెల్లిగా చెప్పాడు. గొట్టం సంగతి అటుంచినా, ఈ ఇంజన్లకి తొంభై రాదు, రాకూడదు. లోపల ఇంజను వాల్వుల్ని తెరిచి మూసే కామ్‌షాఫ్ట్ మీద గోరంత ఇనప తునక ఉంటుంది, దానికొక స్ప్రింగు. తాడు లాగేటప్పుడు అది వాల్వుని రవ్వంత ఎత్తిపట్టి కొంచెం గాలి బయటికి వదిలేస్తుంది.

"అంటే లీకవుతోందని మీరే ఒప్పుకుంటున్నారు," అన్నారు కమిషనరు.

"లీకు కాదు సార్. తాడు తేలిగ్గా రావాలని కంపెనీవాళ్ళే పెట్టారు. ఇంజను అందుకోగానే ఆ తునక దానంతటదే తప్పుకుంటుంది."

"శోభనాచలం గారూ, పైవాళ్ళు తొంభై అంటున్నారు. మీ తునకేమో ముప్పై ఎనిమిది అంటోంది. నేను ఎవరి మాట వినాలి?"

ఆయన అడిగిన తీరు మర్యాదగానే ఉంది. శోభనాచలానికి రాజధానిలో కదులుతున్న ఫైలు కళ్ళ ముందు మెదిలింది. పైవాళ్ళ మాటే వినాలి సార్ అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ మెకానిక్కులు ఇలాంటప్పుడు రెండో పరీక్ష ఒకటి చేస్తారు. సిలిండర్లో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ కొలుస్తారు. అంకె బాగా పెరిగిందంటే పిస్టను రింగులు అరిగిపోయాయని అర్థం. అలవాటు కొద్దీ శోభనాచలం ఒక పంపులో ఆయిలు పోసి చూపించాడు. గొట్టం లోపమో ఏమో గాని ముల్లు యాభై దాటింది. ఇది రోగం కనిపెట్టే పద్ధతి అని అతను వివరించేలోపే కమిషనరు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చెంచాడు ఆయిలుతో ఇంత ఆరోగ్యం పెరిగితే ఇన్నాళ్ళూ ఎందుకు పొయ్యలేదని అడిగారు.

మర్నాడే ఆదేశం వచ్చింది. ప్రతి పరీక్షకు ముందు ప్రతి ఇంజనుకు ఒక చెంచా నూనె సేవింపజేయవలెను. ఏ చెంచా అని అకౌంట్స్ ఆఫీసరు అభ్యంతరం లేవనెత్తాడు. టీ చెంచానా, గరిటెనా, నిర్వచనం లేని చెంచా ఆడిట్‌లో నిలవదన్నాడు. హెల్త్ ఆఫీసరు పిల్లల దగ్గుమందు సీసా మూతని ప్రమాణంగా ప్రతిపాదించాడు. సభ్యులు ఆ సూచనను హర్షించారు. ఇస్సాకు మూతలతో ఆయిలు పోసి పరీక్షలు చేసీ చేసీ, ఆ తర్వాత పంపు స్టార్టు చేస్తే వీధంతా తెల్లటి పొగ కమ్మేది. దోమలు కూడా పోతున్నాయని హెల్త్ ఆఫీసరు దాన్ని తన నివేదికలో వేసుకున్నాడు.

అయినా సగటు అరవై దాటలేదు. మొదటి ర్యాంకుల జాబితాలో దిగుమిట్ట చివరి నుంచి రెండో స్థానంలో నిలిచింది. చివరి స్థానం వచ్చిన ఊళ్ళో పంపులే లేవు.

కమిషనరు శోభనాచలాన్ని గదికి పిలిపించారు. అరిచి మాట్లాడలేదు. ప్రమోషను ఫైలు మీద తన అభిప్రాయం అడిగారని, ఏం రాయాలో ఆలోచిస్తున్నానని చెప్పారు. కాసేపాగి, ఆ తునక గురించి గుర్తు చేశారు. "అది ఇంజనుకి పుట్టుకతో వచ్చిన లోపమన్నమాట. లోపాన్ని తీసేయిస్తే బాగుపడదా?"

బాగుపడదు అనడానికి శోభనాచలం నోరు తెరిచాడు. తెరిచిన నోటిని వృథా పోనివ్వకుండా, చూస్తాను సార్ అన్నాడు.

వారం తిరక్కుండా అతనూ ఇస్సాకూ స్టోరు గదిలో కూర్చుని పన్నెండు ఇంజన్లూ విప్పారు. ఒక్కో దాంట్లోంచి గోరంత తునకనీ స్ప్రింగునీ తీసి బిస్కెట్ల డబ్బాలో వేశారు. ఇస్సాకు మధ్యలో ఒక్కసారే అడిగాడు, ఇవి తీసేస్తే తాడు ఎవరు లాగుతారయ్యా అని. వానాకాలం ఇంకా దూరముంది, అప్పటికి ర్యాంకు వచ్చేస్తుంది, మళ్ళీ పెట్టేద్దాం అన్నాడు శోభనాచలం. ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే నమ్మాడు.

ఈసారి తాడు లాగడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. కానీ మూతెడు నూనె పడ్డాక ఆ పొడుగు గొట్టం చివర కూడా ముల్లు నూట ఐదు చూపించింది. కొన్నిటికి నూట పది. షామియానా కింద చప్పట్లు మోగాయి. దిగుమిట్ట రాష్ట్రంలో మొదటి ర్యాంకు కొట్టింది. బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. అందులో కమిషనరు, చైర్మను, డయలు ఉన్నారు. పంపు లేదు. ఆరోగ్యం కాపాడుకోవడానికి ఇంజన్లని ఇకమీదట అనవసరంగా నడపరాదని ఉత్తర్వు కూడా వచ్చింది. తునకలు మళ్ళీ పెట్టే విషయం శోభనాచలం ఎత్తితే, ర్యాంకు తనిఖీ బృందం ఎప్పుడైనా రావచ్చు, అప్పటిదాకా చెయ్యి పెట్టొద్దన్నారు కమిషనరు.

తనిఖీ బృందం కంటే ముందు వాన వచ్చింది.

తెల్లవారుజామున మొదలై, ఆఫీసులు తెరిచే వేళకి రైల్వే గేటు అవతలి వీధుల్లో మోకాలు దాటింది. ఇస్సాకు ఉండేది అక్కడే. ఇంట్లోంచి నీళ్ళు తోసుకుంటూ వచ్చి, మొదటి పంపుని గట్టు మీద పెట్టి తాడు లాగాడు. తాడు సగం వచ్చి ఆగింది. రెండోసారి బలమంతా పెట్టి లాగితే, ఇంజను లోపల ఒత్తిడి వెనక్కి తన్ని తాడుని చేత్తో సహా గుంజేసింది. శోభనాచలం జీపు దిగి వచ్చేసరికి ఇస్సాకు గట్టు మీద కూర్చుని కుడి మణికట్టుని ఎడం చేత్తో పట్టుకుని ఉన్నాడు. చెయ్యి ఉండాల్సిన వైపు లేదు. నీళ్ళలో మంచాలు ఎత్తుతున్న తన వీధి వైపు చూస్తున్నాడు.

అతన్ని ఆసుపత్రికి పంపించి, శోభనాచలం ఫోన్లో కమిషనరుని అనుమతి అడుగుదామనుకున్నాడు. ఫోను తీశాడు, మళ్ళీ జేబులో పెట్టాడు. జీపుని స్టోరుకి తిప్పించాడు. బిస్కెట్ల డబ్బా ముందేసుకుని, చొక్కా విప్పి, ఒక్కో ఇంజనూ విప్పడం మొదలుపెట్టాడు. మధ్యాన్నానికి నాలుగు పంపులకి తునకలు పెట్టాడు. వాటిని తనే మోయించి తనే తాళ్ళు లాగాడు. ఒక్కో లాగుకి ఒక్కోటి అందుకుంది. సాయంత్రానికి నీళ్ళు అరికాళ్ళ దాకా దిగాయి. కొన్ని ఇళ్ళలో బియ్యం, కొన్ని ఇళ్ళలో బట్టలు, పిల్లల పుస్తకాలు పోయాయి. మనుషులెవరూ పోలేదు. అప్పటికి అదే చాలనిపించింది.

మొదటి ర్యాంకు ఊళ్ళో నీళ్ళు ఎలా నిలిచాయని పత్రికల్లో వచ్చింది. ప్రాంతీయ కార్యాలయం నుంచి విచారణాధికారి వచ్చారు. ఆయన సూటిగా ఆలోచించే మనిషి. రికార్డు ప్రకారం ఇంజన్లన్నీ సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాయి. అదే రోజు మధ్యాన్నం, వయసు మళ్ళిన అసిస్టెంటు ఇంజనీరు ఒంటి చేత్తో లాగితే స్టార్టయ్యాయి. పొద్దున్న మాత్రం ఆపరేటరు లాగితే కాలేదు. కాబట్టి దోషం ఇంజన్లలో లేదు, ఆపరేటరు చేతిలో ఉంది.

శోభనాచలం కుర్చీ వెనక్కి జరిపాడు. సమావేశంలో లేచి నిలబడి, జరిగిందంతా చెప్పేశాడు. తునకలు తీసింది తనేననీ, నాలుగింటికి మళ్ళీ పెట్టింది తనేననీ, అందుకే అవి స్టార్టయ్యాయనీ చెప్పాడు.

విచారణాధికారి ఓపిగ్గా విన్నారు. "ఇప్పుడు ఆ నాలుగింటి కంప్రెషన్ ఎంత?"

"నలభై ఉంటుంది సార్."

"అనారోగ్య ఇంజను స్టార్టు కావడమన్నది నిబంధనలకు విరుద్ధం. మీరు చెప్పింది రికార్డులోకి తీసుకోలేను. కూర్చోండి."

కమిషనరు ఆ పక్కనే ఉన్నారు. శోభనాచలం వైపు చూడలేదు, బల్ల మీద గాజు గ్లాసు కింద నీటి మరకని రుమాలుతో తుడుస్తూ ఉండిపోయారు.

సిఫార్సులు పకడ్బందీగా తయారయ్యాయి. ఇంజన్లకు పరీక్ష ఉన్నప్పుడు వాటిని లాగే చేతులకు లేకపోవడం పాలనాపరమైన వెలితి. కాబట్టి చేతి పట్టు కొలిచే యంత్రం ఒకటి కొనవలెను. కనీస ప్రమాణం తొంభై ఉండవలెను. చేతి పట్టుని కొలిచేది పాయింట్లలో కాదు, కిలోల్లోనని ఎవరో అన్నారు. అంకె మారిస్తే మళ్ళీ పై అనుమతి కావాలి కాబట్టి అంకె అలాగే ఉంచారు. ప్రమాణం అందుకోని సిబ్బందిని తొలగించవలెను. మొదటి పరీక్ష ఇస్సాకుకి, కట్టు విప్పిన వెంటనే.

శోభనాచలం ఆసుపత్రికి వెళ్ళాడు. ఇస్సాకు మంచం మీద కూర్చుని ఎడం చేత్తో ఇడ్లీ తింటున్నాడు. ఉద్యోగం సంగతి అతనికి అప్పటికే తెలిసిపోయింది. "మీరు చెప్పారంట గదయ్యా, వినలేదంట," అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. అదే శోభనాచలాన్ని ఇంటికి వెళ్ళనివ్వలేదు. అక్కణ్ణుంచి తిన్నగా ఆఫీసుకి పోయి మేనేజరు రత్నమాణిక్యం గారి బల్ల ముందు కూర్చున్నాడు. పురపాలక సంఘంలో ప్రతి తీర్మానమూ ఆవిడ చేతి మీదుగా టైపు కావాల్సిందే. ఆవిడ సిఫార్సుల కాగితం తీసి ఒకచోట వేలు పెట్టి చూపించింది. విచారణాధికారి నిండైన భాష మీద మక్కువతో, ఇంజను స్టార్టింగు సిబ్బందికి మరియు తత్సంబంధిత పర్యవేక్షక అధికారులందరికీ ఈ పరీక్ష వర్తించును అని రాయించారు.

యంత్రం వచ్చిన రోజు ప్రారంభోత్సవం పెట్టారు. విచారణాధికారి కూడా విచ్చేశారు. కొత్త పరికరం ఎలా పనిచేస్తుందో ముందు అధికారులే ఆచరించి చూపిస్తే సిబ్బందికి స్ఫూర్తిగా ఉంటుందని శోభనాచలం ఎంతో వినయంగా మనవి చేశాడు. ఫోటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడు. కమిషనరు గారు పిడిని పట్టుకుని పళ్ళు బిగించి నొక్కారు. ముప్పై నాలుగు. హెల్త్ ఆఫీసరుకి ఇరవై తొమ్మిది. అకౌంట్స్ ఆఫీసరు తన అంకెకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. విచారణాధికారి పిడిని అటూ ఇటూ తిప్పి చూసి, తనకి భుజం నొప్పి ఉందన్నారు. మినహాయింపు నిబంధనేదీ లేదని రత్నమాణిక్యం గారు కాగితం చూసి చెప్పింది. ఆయన నొక్కారు. ముప్పై ఒకటి.

అధికారులు సిఫార్సుల కాగితాలు తిరగేశారు. తొంభైకి తక్కువైతే తొలగింపు అన్న వాక్యం అందరి చేతుల్లోనూ ఉంది.

దిగుమిట్ట పురపాలక సంఘ చరిత్రలో ఒక నిర్ణయం టీ చల్లారేలోపు జరగడం అదే మొదలు. సదరు పరికరము మన వాతావరణమునకు అనుకూలము కాదనీ, దాని కొలతలను ఎవరిపైనా చర్యలకు ఆధారముగా తీసుకొనరాదనీ, దానిని తక్షణం స్టోరునందు భద్రపరచవలెననీ విచారణాధికారి నోటితో చెప్పారు. రత్నమాణిక్యం గారు టైపు చెయ్యడానికి లేచింది. శోభనాచలం ఆవిడ వెనకే వెళ్ళి, గొంతు తగ్గించి ఒక్క కోరిక కోరాడు. పరికరము అన్నచోట పరికరములు అని పడాలి.

ఆవిడ టైపు చెయ్యడం ఆపి అతన్ని చూసింది. "ఎవరైనా అడిగితే?"

"నేను చెప్పానని చెప్పండి."

"అక్కర్లేదు లెండి. నా వేళ్ళు అప్పుడప్పుడు తొందరపడతాయి," అని ఆవిడ కీబోర్డు వైపు తిరిగింది.

కాగితం లోపలికి వెళ్ళింది. విచారణాధికారి రైలుకి టైమైంది. కమిషనరు ఇంకా తన అరచెయ్యి రుద్దుకుంటున్నారు. ఎవరూ చదవలేదు, అందరూ సంతకాలు పెట్టారు. దాంతో చేతుల పరికరంతో పాటు పళ్ళెమంత డయలూ, తోటపైపులాంటి గొట్టమూ కూడా మన వాతావరణానికి అనుకూలం కానివైపోయి, స్టోరులో ఒకే అరలోకి చేరాయి. శోభనాచలం ఆ వారమే మిగతా ఎనిమిది ఇంజన్లకీ తునకలు పెట్టేశాడు. ఉత్తర్వు చేతిలో ఉంది కాబట్టి ఎవర్నీ అడగలేదు.

కొలతలు పంపనందుకు తర్వాతి జాబితాలో దిగుమిట్టకి ర్యాంకే ఇవ్వలేదు. శోభనాచలం ప్రమోషను ఫైలు కదలడం ఆగిపోయిందని రాజధాని నుంచి కబురు వచ్చింది. ఆ కబురు చెప్పినప్పుడు అతని భార్య, అయితే సామాన్లు సర్దక్కర్లేదుగా అని మాత్రం అడిగింది.

ఆశ్వయుజంలో మళ్ళీ వాన పట్టుకుంది. ఇస్సాకు కుడిచెయ్యి ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. రైల్వే గేటు దగ్గర గట్టు మీద పంపు పెట్టి, ఎడం చేత్తో తాడు అందుకున్నాడు. నేను లాగుతాలే అన్నాడు శోభనాచలం గొడుగు కిందనుంచి. ఇస్సాకు వద్దన్నట్టు తలూపి, మెల్లిగా ఒక్క లాగు లాగాడు. పంపు అందుకుంది. గొట్టంలోంచి మురికి నీళ్ళు కాలవలోకి దూకాయి. దాని ఆరోగ్యం ఎంతో ఇద్దరిలో ఎవరికీ తెలియదు.